ఐదు గంటల దూరం ఎంత దూరం?

దూరం అంటే ఏమిటని ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి అడిగినా టక్కున చెప్తాడు: వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం. లెక్క సరిపోతుంది, మార్కులూ పడతాయి. కానీ మనుషుల మధ్య దూరం గురించి మాట్లాడేటప్పుడు ఈ సూత్రాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? "విమానం ఎక్కితే ఐదు గంటలే కదా, ఆ మాత్రం రాలేకపోయిందా?" అని ఒక మనిషి మీద తీర్పు చెప్పేదానికి కిలోమీటర్లూ గంటలూ సరిపోతాయా? ఈ వ్యాసంలో నేను ఆలోచించాలనుకున్న ప్రశ్న ఇదే.

ఉదాహరణకు బెంగళూరు, కువైట్ విమానాశ్రయాలను తీసుకుంటాను. దానికి కారణం ఉంది. మా హోసూరు తమిళనాడులో ఉన్నా, మాకు దగ్గరి పెద్ద విమానాశ్రయం బెంగళూరే. ఇక మా అమ్మ పుట్టిల్లు రాయచోటి దగ్గర ఒక పల్లె. రాయచోటి, రాజంపేట వైపు పల్లెల్లో కువైట్ పేరు తెలియని ఇల్లు ఉండదు. మగవాళ్ళు డ్రైవర్లుగా, కూలీలుగా పోతారు. ఆడవాళ్ళు ఇళ్ళలో వంటపనికి, పిల్లల్ని చూసుకునేదానికి పోతారు. మా చిన్నమ్మ కూడా అట్లాగే పోయింది. ఆమె సంగతి తర్వాత చెప్తాను. ముందు లెక్క చూద్దాం.

బెంగళూరు విమానాశ్రయం భూమధ్యరేఖకు ఉత్తరాన 13 డిగ్రీల దగ్గర ఉంది. కువైట్ 29 డిగ్రీల దగ్గర ఉంది. రేఖాంశాల్లో చూస్తే వీటి మధ్య తేడా సుమారు 30 డిగ్రీలు. గోడ మీద అతికించిన పటంలో ఈ రెండు ఊళ్ళ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది నిజంగా దగ్గరి దారి కాదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి గ్లోబు మీద రెండు చోట్ల మధ్య దారాన్ని బిగించి పట్టుకుంటే అది ఏ దారిన పోతుందో అదే దగ్గరి దారి. దీన్ని మహావృత్తం అంటారు. ఆ దారిలో కొలిస్తే బెంగళూరు నుంచి కువైట్‌కు సుమారు 3,540 కిలోమీటర్లు. దారిలో చాలా భాగం అరేబియా సముద్రమే. విమానం గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. అన్నీ కలుపుకుంటే పోయేదానికి ఐదు గంటల దాకా పడుతుంది. వచ్చేటప్పుడు ఇంకాస్త తక్కువ. ఎందుకంటే పైన పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి, అవి విమానాన్ని వెనక నుంచి తోస్తాయి. ముఖ్యంగా చలికాలంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. అంటే ఒకే దారికి పోయే కాలం వేరు, వచ్చే కాలం వేరు.

గడియారాన్ని నమ్మితే ఇంకా వింతగా ఉంటుంది. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద, కువైట్ గడియారం 45 డిగ్రీల మీద నడుస్తాయి. మధ్య తేడా 37.5 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున రెండున్నర గంటలు. కువైట్‌లో రాత్రి 11 గంటలకు బయల్దేరి నాలుగున్నర గంటలు ప్రయాణం చేస్తే బెంగళూరులో దిగేసరికి ఉదయం 6 అయివుంటుంది. గడియారం ఏడు గంటలు అంటుంది. ఇక్కడ ఉదయం 8 గంటలకు ఎక్కి ఐదు గంటలు ప్రయాణం చేస్తే అక్కడ దిగేసరికి 10.30 మాత్రమే. గడియారం రెండున్నర గంటలే అంటుంది. విమానాల పట్టిక చూసి ఎవరైనా "ఏడు గంటలు" అన్నా, "రెండున్నర గంటలు" అన్నా రెండూ పట్టికలో కనిపించేవే, రెండూ నిజం కావు.

ఇంకొక విషయం. పట్టికలో ఉండే ప్రయాణకాలం విమానం తన చోటు నుంచి కదిలినప్పటి నుంచి ఇంకో చోట ఆగేవరకే. మనిషి ఇల్లు అందులో లేదు. మా హోసూరు నుంచి దేవనహళ్ళి విమానాశ్రయానికి సుమారు 75 కిలోమీటర్లు. అత్తిబెలె దాటి, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు దాటి, ఊరంతా అడ్డంగా దాటుకుని హెబ్బాళ మీదుగా పోవాలి. ట్రాఫిక్ ఉంటే మూడు గంటలు. బెంగళూరు నుంచి చెన్నైకి ఆకాశంలో సుమారు 270 కిలోమీటర్లే, విమానం గంటలో పోతుంది. కానీ హోసూరు మనిషి ఆ విమానం ఎక్కాలంటే ముందు చెన్నైకి వీపు పెట్టి మూడు గంటలు ఉత్తరానికి పోవాలి, గంటన్నర ముందు చేరాలి, దిగినాక ఊళ్ళోకి పోవాలి. అదే సమయానికి ఇక్కడ బస్సు ఎక్కినవాడు కూడా దాదాపు చెన్నైలో ఉంటాడు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం అందరికీ ఒకటే. రెండు ఇళ్ళ మధ్య దూరం మాత్రం ఎవరిది వాళ్ళదే.

ఇప్పుడు మా చిన్నమ్మ సంగతి.

పోయిన ఏడాది మాఘమాసంలో మా అవ్వ చనిపోయింది. తెల్లవారుజామున 4 గంటలప్పుడు ప్రాణం పోయింది. అప్పుడు కువైట్‌లో రాత్రి 1.30. చిన్నమ్మకు ఫోన్ చేసినారు. ఆమె ఆ రాత్రి విమానం ఎక్కి ఉంటే మర్నాడు ఉదయం బెంగళూరులో దిగి, మదనపల్లె మీదుగా మధ్యాహ్నానికి పల్లె చేరేది. లెక్క ప్రకారం కుదిరేదే. కానీ ఆమె పాస్‌పోర్టు ఇంటి యజమాని దగ్గర ఉంది. ఆయన ఊళ్ళో లేడు, రెండు రోజుల తర్వాత వస్తాడు. ఆయన వచ్చినదాకా ఏమీ చెప్పలేమని ఆ ఇంటి ఆమె అనింది. అప్పటికప్పుడు కొనాలంటే టికెట్ ధర ఆమెకు రెండు నెలల జీతం. యజమాని వచ్చినాక కూడా, ఇంట్లో పెద్దామెకు ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు పంపలేనన్నాడంట. చిన్నమ్మ మట్టికి రాలేదు, దినాలకూ రాలేదు. అంతా ఫోన్ తెరలోనే చూసింది. ఏడు నెలల తర్వాత సెలవులో వచ్చింది.

పదకొండో రోజు భోజనాల దగ్గర మా పెద్దమామ అన్న మాట ఇది: "అమెరికా నుంచే ఒక్క రోజులో దిగుతుండారు. ఐదు గంటల దారి. కన్నతల్లి కంటే పని ఎక్కువైపోయిందా దానికి?" అక్కడున్న చాలామంది తల ఊపినారు.

పెద్దమామను చెడ్డవాడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. అవ్వను నెలకు రెండుసార్లు ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయనే. రాత్రిళ్ళు మంచం పక్కన పడుకున్నది ఆయనే. దగ్గరుండి చేసినవాడికి ఆ మాట అనే హక్కు కొంత ఉంటుంది. ఆయన వాదంలో బలం కూడా ఉంది. పూర్వం దూరదేశం పోయినవాళ్ళు రాలేకపోతే అందరూ అర్థం చేసుకునేవాళ్ళు. ఇప్పుడు విమానాలున్నాయి. చేయగలిగే శక్తి పెరిగితే చేయాల్సిన బాధ్యత కూడా పెరుగుతుంది కదా? ఈత రానివాడు మునిగిపోతున్నవాణ్ణి కాపాడకపోతే తప్పు కాదు, ఈత వచ్చినవాడు గట్టున నిలబడి చూస్తే తప్పు. అట్లాగే ఐదు గంటల్లో రాగలిగిన మనిషి రాకపోతే తప్పే.

ఈ వాదాన్ని నేను చాలా రోజులు ఆలోచించినాను. దీని సూత్రం సరైనదే: చేయగలిగినదానికి మనిషి బాధ్యుడు. సందేహమంతా "ఐదు గంటల్లో రాగలిగిన" అనే మాట దగ్గరే. ఐదు గంటల్లో రాగలిగింది విమానం. చిన్నమ్మ కాదు. విమానం వేగాన్ని మనం మనిషికి అంటగడుతున్నాం.

చరిత్రలో కూడా ఇదే కనిపిస్తుంది. చమురు రాకముందు కువైట్ నావికులు పెద్ద తెరచాప ఓడల్లో ఖర్జూరాలు వేసుకుని మన పడమటి తీరానికి వచ్చేవాళ్ళు, మలబారు కలప కొనుక్కుని పోయేవాళ్ళు. ఋతుపవనాల గాలిని నమ్ముకున్న ప్రయాణాలు అవి. మన దేశంతో వ్యాపారం ఎంతగా ఉండేదంటే 1961 దాకా కువైట్‌లో రూపాయలే చెల్లేవి. ఆ రోజుల్లో ఎవరైనా చావుకు రాలేకపోతే గాలిని తిట్టుకునేవాళ్ళు గాని మనిషిని తిట్టేవాళ్ళు కాదేమో.

గాలి సంగతి పోయినాక కూడా దారి మూసుకుపోయిన రోజులున్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ అప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులు ఉన్నారు. విమానాశ్రయం మూతపడింది. వాళ్ళలో చాలామంది బస్సుల్లో ఇరాక్ ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి చేరినారు. అందరినీ చేర్చేదానికి రెండు నెలలు పట్టింది. 2020 మార్చిలో కరోనా వల్ల మన దేశానికి ప్రయాణికుల విమానాలు ఆగిపోయినాయి. మే 7న వందే భారత్ మిషన్ విమానాలు మొదలయ్యేదాకా గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు అక్కడే ఉండిపోయినారు. ఈ రెండుసార్లూ 3,540 కిలోమీటర్లలో ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. అయినా దూరం ఎంత పెరిగిందో అక్కడున్నవాళ్ళకే తెలుసు.

యుద్ధమూ, రోగమూ వచ్చినప్పుడు అందరికీ దారి ఒకేసారి మూసుకుపోతుంది, అందరికీ కనిపిస్తుంది. పేపర్లో పడుతుంది. చిన్నమ్మ లాంటివాళ్ళకు మామూలు రోజుల్లో కూడా దారి మూసుకునే ఉంటుంది, అది పేపర్లో పడదు. తేడా అంతే.

ఆ దారిని మూసే వస్తువు ఒక చిన్న పుస్తకం. కువైట్‌లో ఇంటిపనికి పోయినవాళ్ళ నివాసపత్రం యజమాని పేరు మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేసినారు. దాని ప్రకారం వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి, పనిమనిషి పాస్‌పోర్టును యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చట్టం మంచిదే. కానీ చట్టం ఉన్నట్టు చిన్నమ్మకు తెలియదు. మావాళ్ళకూ తెలియదు. నేను ఈ వ్యాసం కోసం చదివేటప్పుడే తెలిసింది. కువైట్‌లో మన దేశపు రాయబార కార్యాలయం ఉంది. ఇటువంటి కష్టంలో అక్కడికి ఫోన్ చేయొచ్చు. చదువుకున్నవాళ్ళు మా బంధువుల్లో నలుగురైదుగురు ఉన్నారు. ఆ రెండు రోజుల్లో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. తెలియకపోవడం కూడా దూరాన్ని పెంచుతుంది.

మన దేశంలో పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా ఒక ముద్ర ఉంటుంది. వాళ్ళు కువైట్ వంటి కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. పదో తరగతి పాస్ అయినవాళ్ళకు ఆ అవసరం లేదు. ఆ ముద్రను వాళ్ళను కాపాడేదానికే పెట్టినారు. అయినా నేను పదో తరగతి చదువుతూ ఈ సంగతి తెలుసుకున్నప్పుడు మనసుకు ఎట్లాగో అనిపించింది. చిన్నమ్మ ఏడో తరగతిలో బడి మానేసింది. ఇంట్లో ఉన్న డబ్బు మామల చదువుకు సరిపోయింది, ఆమెకు సరిపోలేదు. ఆమె దూరం అప్పుడే, ఆ పల్లెలోనే మొదలైంది. విమానం ఎక్కినరోజు కాదు.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది. "ఎవరి దూరం వాళ్ళదే అంటే ప్రతివాడూ అదే సాకు చెప్పి తప్పించుకుంటాడు కదా?" నిజమే. మాకు బంధువైన ఒక అన్న ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తాడు. హోసూరులో ఉన్న వాళ్ళమ్మ దగ్గరికి ముక్కాలు గంటలో రావొచ్చు. ఏడాదికి రెండుసార్లు వస్తాడు, ఉగాదికీ దీపావళికీ. అడిగితే "టైమే దొరకడం లేదమ్మా" అంటాడు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొడుకూ రాలేదు, మూడువేల ఐదువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కూతురూ రాలేదు. ఇద్దరిదీ ఒకటేనా?

నా దృష్టిలో ఒకటి కాదు. తేడా తెలుసుకునేదానికి ఒక మార్గం ఉంది. మనిషి రాలేకపోయినప్పుడు ఆ మనిషి నుంచి ఇంకేమి వచ్చిందో చూడాలి. చిన్నమ్మ రాలేదు గాని అవ్వ మందులకు ప్రతి నెలా డబ్బు వచ్చింది. అవ్వ కంటి ఆపరేషన్ ఆ డబ్బుతోనే అయింది. ప్రతి శుక్రవారం ఫోన్ వచ్చింది, అవ్వ ఆ రోజు పొద్దున్నే తల దువ్వుకుని కూర్చునేది. దారి ఎంత తెరుచుకుని ఉంటే అంత మేరకు ఆమె వచ్చింది. మనసు లేని మనిషికి దారి ఉన్నా ఏమీ రాదు. అయినా ఆ అన్న మీద కూడా నేను చివరి తీర్పు చెప్పలేను. ఆయన రాత్రి షిఫ్టులో పని చేస్తాడు, ఆయన దారిలో ఏమి అడ్డం ఉందో నాకు తెలియదు. అందుకే ఈ ప్రశ్నను ఇంకొకరిని నిలదీసేదానికి కాకుండా ఎవరికి వాళ్ళు వేసుకోవడం మంచిది. నాకున్న దారిలో నేను ఎంతవరకు పోయినాను?

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. దూరానికి ఒక గుణం ఉంది: అది రెండువైపులా సమానం. కువైట్ నుంచి బెంగళూరుకు ఎన్ని కిలోమీటర్లో బెంగళూరు నుంచి కువైట్‌కూ అన్నే. చిన్నమ్మ తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉంది. ఆమెకు అక్కడ రెండుసార్లు జబ్బు చేసింది. "ఐదు గంటల దారి, ఎందుకు రాలేదు?" అని అడిగినవాళ్ళు, ఈ తొమ్మిదేళ్ళలో "ఐదు గంటల దారి, మనమెందుకు పోలేదు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే వెంటనే సమాధానం చెప్పేవాళ్ళు: వీసా ఎట్లా, టికెట్ ఎట్లా, పంట ఎవరు చూస్తారు, పిల్లల బడి ఏమవుతుంది. అన్నీ నిజమైన అడ్డంకులే. మన వైపు నుంచి చూసినప్పుడు అన్ని అడ్డంకులూ కనిపిస్తాయి, అవతలివాళ్ళ వైపు నుంచి చూసేటప్పుడు మాత్రం ఐదు గంటలే కనిపిస్తాయి. నాకు అన్యాయం అనిపించేది ఇదే. ఒకే దారిని కొలిచేదానికి మనం రెండు కొలతలు వాడుతున్నాం.

ఇంతకీ బాధ్యత ఎవరిది? దూరంగా ఉన్నవాళ్ళది మాత్రమే కాదు. దగ్గరున్నవాళ్ళు కూడా దారిని తగ్గించగలరు. పనికి పోయే మనిషికి ముందే చట్టం చదివి చెప్పొచ్చు. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇంట్లో పెట్టుకోవచ్చు. రాయబార కార్యాలయం నంబరు గోడ మీద రాసి పెట్టొచ్చు. అవసరానికి పనికొచ్చేలా నలుగురూ కలిసి టికెట్ డబ్బు పక్కన పెట్టొచ్చు. ఇవేవీ చేయకుండా చివర్లో గంటలు లెక్కపెట్టడం సులభం.

2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం హోసూరులో 2,000 ఎకరాల్లో విమానాశ్రయం కడతామని శాసనసభలో ప్రకటించింది. మా ఊళ్ళో అందరూ సంతోషించినారు, నేను కూడా సంతోషించినాను. అది వస్తే సిల్క్ బోర్డు దగ్గర కాచుకునే పని తప్పుతుంది, మా దారి మూడు గంటలు తగ్గుతుంది. కానీ యజమాని బీరువాలో ఉన్న పాస్‌పోర్టు అక్కడే ఉంటుంది. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు అక్కడే ఉంటుంది. ఆ దూరాన్ని తగ్గించే రన్‌వేను ఏ ప్రభుత్వమూ ఒక్కటే కట్టలేదు. అది ఇళ్ళల్లో కట్టాలి, ఆడపిల్లను బడి మాన్పించకుండా మొదలుపెట్టాలి.

మళ్ళీ ఎప్పుడైనా ఒక చావు దగ్గరో పెళ్ళి దగ్గరో "వాళ్ళెందుకు రాలేదు" అనే మాట వస్తుంది, తప్పకుండా వస్తుంది. అప్పుడు విమానం ఎన్ని గంటల్లో వస్తుందని కాకుండా, ఆ మనిషికి ఫోన్ చేసి "నువ్వు వచ్చేదానికి ఏమి అడ్డం ఉంది, మేమేమన్నా చేయగలమా?" అని అడిగితే చాలు. ఆ ఫోన్‌కు ఒక్క నిమిషం పడుతుంది.